క్లౌడులో దాచిన అమానత్: నమ్మకానికి షరతులు

అమానత్ అనే మాట వినగానే సాధారణంగా స్ఫురించేది సొమ్ము. పొరుగువాడు హజ్ యాత్రకు పోతూ అప్పగించిన నగల మూట, అనాథ బిడ్డ తరఫున పెద్దలు భద్రపరచిన ఆస్తి, మస్జిదు నిధి - ఇవన్నీ అమానత్‌లే. అయితే ఇస్లాం దృష్టిలో అమానత్ పరిధి సొమ్ముతో ముగియదు. ఒక వ్యక్తి ఒక మాట చెప్పి, మరెవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూచినట్లయితే, ఆ మాట విన్నవాని వద్ద అమానత్ అయిపోతుందనే భావం గల హదీసు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో వున్నది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) రహస్యాన్ని కూడా సొమ్ముతో సమానంగా భద్రపరచవలసిన వస్తువుగా పరిగణించారన్నమాట.

ఈ విషయాన్ని మనస్సులో వుంచుకొని విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లోని ఒక చిన్న కిరాణా దుకాణాన్ని చూడండి. ఒకప్పుడు దుకాణదారుని రహస్యాలన్నీ రెండు చోట్ల వుండేవి: గల్లా పెట్టెలోను, ఎర్ర అట్ట ఖాతా పుస్తకంలోను. ఎవరు ఎంత బాకీ పడ్డారో, ఎవరి ఇంట్లో ఈ నెల రోజులు బాగా లేవో ఆ పుస్తకానికి తెలుసు, దుకాణదారునికి తెలుసు. రాత్రి షట్టరు దించి తాళం వేస్తే ఆ సంగతులు అక్కడే వుండేవి. నేడు ఖాతా పుస్తకం ఫోనులోకి వచ్చింది. బాకీల లెక్క, ఇంటివారి ఫొటోలు, తల్లి వైద్య పరీక్షల కాగితాలు, కుమార్తె పెళ్ళి సంబంధాల వివరాలు అన్నీ అందులోనే. ఆ దుకాణదారు మస్జిదు కమిటీ సభ్యుడు కూడా అయితే, రమజాన్‌లో జకాత్ పొందిన పేదల జాబితా కూడా అందులోనే వుంటుంది. ఆ ఫోనులో వున్నదంతా రాత్రివేళ, అతడు నిద్రపోతుండగా, క్లౌడు అనే చోటికి నకలు అవుతూ వుంటుంది.

ఆ చోటు ఎవరిది? అక్కడ కాపలా వున్నవాణ్ణి నమ్మవచ్చునా? సంకేత లిపిలోకి మార్చి తాళం వేశామని టెక్నాలజీ కంపెనీలు చెప్పే మాటకు ఎంత విలువ ఇవ్వాలి? ఇదే ఇక్కడి ప్రశ్న.

క్లౌడు అంటే ఏమిటి?

పేరు మేఘమే గాని ఇది ఆకాశంలో వుండేది కాదు. క్లౌడు అంటే మరొకరి భవనంలో, మరొకరి యంత్రాలలో జరిగే నిల్వ. వేలాది కంప్యూటర్లు, వాటికి కరెంటు, వాటిని చల్లబరచే ఏర్పాట్లు, తీగలు, కాపలాదారులు వుండే ఆ భవనాన్ని డేటా సెంటర్ అంటారు. విశాఖ వాసులకు ఈ మాట ఇప్పుడు కొత్త కాదు. 2026 నుండి 2030 వరకు ఐదు సంవత్సరాలలో సుమారు 1,500 కోట్ల డాలర్ల వ్యయంతో విశాఖలో భారీ డేటా సెంటర్ కేంద్రాన్ని నెలకొల్పగలమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. సముద్ర గర్భపు కేబుళ్ళు ఒడ్డు చేరే ద్వారం కూడా ఆ ప్రణాళికలో వున్నది. ఓడలకు, ఉక్కుకు పేరొందిన నగరం ఇక సమాచారపు గిడ్డంగి కూడా కాబోతున్నది. అంతమాత్రాన పూర్ణా మార్కెట్ వ్యాపారి ఫొటోలు ఆ ఊరి గిడ్డంగిలోనే వుంటాయని అర్థం కాదు. ఏ నకలు ఏ దేశంలో వుండాలో కంపెనీ తన సౌకర్యాన్ని బట్టి, ఆయా దేశాల చట్టాలను బట్టి నిర్ణయిస్తుంది.

ఈ ఏర్పాటు వల్ల మేలు లేకపోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ తీరాన్ని తాకిన అనుభవం ఆ నగరం మరచిపోలేదు. తడిసిన ఖాతా పుస్తకం ఎండలో ఆరుతుంది గాని, చెదరిపోయిన సిరా అక్షరాలు తిరిగి రావు. దూరాన మరొక నకలు వున్నవానికి ఆ బాధ వుండదు. ఆస్తిని, లెక్కలను కాపాడుకోవటం షరీఅత్ లక్ష్యాలలో ఒకటి గనుక క్లౌడును ఒక్కమాటతో త్రోసిపుచ్చటం సరికాదు. హుద్‌హుద్ అనేది నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం)కు వార్త తెచ్చిన పక్షి పేరు. ఆ వార్త విన్న సులైమాన్ (అ) దానిని వెంటనే నమ్మనూ లేదు, త్రోసివేయనూ లేదు. నిజమో కాదో పరిశీలిస్తానన్నారు. కంపెనీల మాట విషయంలో అనుసరించవలసిన పద్ధతి కూడా ఇదే.

తాళం వేరు, తాళంచెవి వేరు

సంకేత లిపీకరణం, అనగా ఎన్‌క్రిప్షన్, అంటే చదవగలిగే సమాచారాన్ని గణిత సూత్రాల సాయంతో చదవరాని అక్షరాల గుంపుగా మార్చటం. దానిని తిరిగి చదవాలంటే ఒక పెద్ద సంఖ్య కావాలి. ఆ సంఖ్యే తాళంచెవి. ఈ రంగంలో మొదటి పాఠాలు ముస్లిముల నుండే ప్రపంచానికి అందాయి. 9వ శతాబ్దిలో బాగ్దాదులో జీవించిన అల్ కిందీ సంకేత లిపిని ఛేదించే విధానంపై ఒక గ్రంథం వ్రాశారు. ఒక భాషలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కించి, దానిని బట్టి గూఢలిపిని విప్పవచ్చునని అందులో వివరించారు. ఈ పద్ధతిని గురించి నేడు లభిస్తున్న వివరణలలో అదే అతి ప్రాచీనమైనది. దాని వ్రాతప్రతి ఇస్తాంబుల్‌లోని సులైమానియా గ్రంథాలయంలో లభించింది. అల్ కిందీ గ్రంథం ఇచ్చే పాఠం ఒకటున్నది: తాళం ఎంత గట్టిదైనా దానిని విప్పే విద్య కూడా పెరుగుతూనే వుంటుంది.

నేటి మేలురకం తాళాలను గణితబలంతో పగులగొట్టటం దాదాపు అసాధ్యం. కాబట్టి అసలు ప్రశ్న తాళం గట్టిదా కాదా అన్నది కాదు. తాళంచెవి ఎవరి వద్ద వున్నదన్నదే ప్రశ్న. దీనిని మూడు తరగతులుగా అర్థం చేసుకోవచ్చు.

మొదటిది, దారిలో తాళం. ఫోను నుండి కంపెనీ వరకు సమాచారం పోయే మార్గంలో ఎవరూ చదవలేరు. గిడ్డంగి చేరాక పరిస్థితి వేరు.

రెండవది, గిడ్డంగిలో కూడా తాళం, కాని తాళంచెవి కంపెనీ వద్ద. గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫొటోస్ వంటి సేవలు సాధారణంగా ఈ తరగతికి చెందినవి. దొంగ లోపలికి వచ్చినా చదవలేకపోవచ్చు. కాని కంపెనీ తలచుకుంటే తెరవగలదు. న్యాయస్థానమో ప్రభుత్వమో ఆదేశిస్తే తెరిచి ఇవ్వవలసి వస్తుంది.

మూడవది, తాళంచెవి సొంతదారు వద్దనే వుండేది. దీనిని ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటారు. కంపెనీకి అందేది తాళం వేసిన పెట్టె మాత్రమే. లోపల ఏమున్నదో దానికి తెలియదు. వాట్సాప్ సందేశాలు 2016 నుండి ఈ పద్ధతిలో పోతున్నాయి. కాని చాలామంది గమనించని సంగతి ఒకటున్నది: అవే సందేశాలు బ్యాకప్ రూపంలో క్లౌడుకు చేరినప్పుడు ఈ రక్షణ వాటంతట అవి పొందవు. 2021లో వాట్సాప్ ఈ సౌకర్యాన్ని ప్రవేశపెట్టింది గాని, వాడుకరి స్వయంగా సెట్టింగులలోకి పోయి దానిని ఆరంభించాలి. అలాగే ఆపిల్ సంస్థ ఐక్లౌడులోని ఫొటోలకు, బ్యాకప్‌కు ఇటువంటి రక్షణను 2022 డిసెంబరులో ప్రవేశపెట్టింది. అది కూడా కోరుకున్నవారికే. వీధి తలుపుకు గొళ్ళెం పెట్టి పెరటి తలుపు తెరిచి వుంచినట్లుగా ఎందరి ఫోనులో వున్నదో ఆలోచించవలసినదే.

ఈ మూడవ తరగతిలో కూడా కొంత బయటపడుతూనే వుంటుంది. ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎన్నిసార్లు మాట్లాడారన్న వివరం పెట్టె లోపల కాక పెట్టెపైన వ్రాసి వుంటుంది. ఉత్తరం చదవకపోయినా కవరుపై చిరునామాలు చదివేవానికి చాలా తెలుస్తుంది.

ఫిఖ్హ్ ఏమంటుంది?

ఒకరి వస్తువును భద్రపరచటానికి మరొకరు స్వీకరించటాన్ని ఫిఖ్హ్‌లో వదీఅత్ అంటారు. హనఫీ న్యాయశాస్త్ర గ్రంథం అల్ హిదాయాలో దీనికి ప్రత్యేక అధ్యాయమే వున్నది. అందులోని నియమాలను క్లౌడుకు అన్వయించి చూస్తే విషయం చాలావరకు తేటపడుతుంది.

స్వీకరించినవాడు ఆ వస్తువును తానుగాని, తన కుటుంబంలోనివారి ద్వారాగాని కాపాడవచ్చు. సొంతదారు అనుమతి లేకుండా పరాయివానికి అప్పగిస్తే నష్టానికి బాధ్యుడవుతాడు. వస్తువును తన అవసరానికి వాడుకున్నా, అప్పగించిన గుడ్డను తొడుక్కున్నా, పశువుపై స్వారీ చేసినా అది అతిక్రమణే. వేరుచేయటానికి వీలులేని విధంగా తన సొమ్ములో కలిపివేస్తే కూడా బాధ్యత అతనిదే. ఇక జాగ్రత్తగా కాపాడుతూ వుండగా అతని తప్పిదం లేకుండా వస్తువు నశిస్తే, ఉచితంగా భద్రపరచిన వానిపై పరిహారం లేదు. కాని కాపలాకు రుసుం తీసుకున్నవాడు, నివారించగలిగిన కారణంతో వస్తువు పోతే పరిహారం చెల్లించాలని ఉస్మానియా ఖిలాఫత్ కాలపు న్యాయసంహిత మజల్లా నిర్దేశించింది.

ఈ నియమాల నుండి కంపెనీని అడగవలసిన నాలుగు ప్రశ్నలు వెలువడుతున్నాయి. అప్పగించిన సమాచారాన్ని ఇతరులకు ఇస్తుందా? తన లాభానికి వాడుకుంటుందా? కృత్రిమ మేధ యంత్రాలకు శిక్షణ ఇచ్చే నిమిత్తం వేరుచేయరాని విధంగా కలిపివేస్తుందా? పోయినప్పుడు బాధ్యత వహిస్తుందా? ఈ నాలుగింటికి జవాబు కంపెనీ ప్రకటనలలో కాక, చాలామంది చదవకుండానే అంగీకరించే షరతుల పత్రంలో వుంటుంది.

కొందరు ఈ కంపెనీలు ముస్లిములవి కావు గనుక నమ్మరాదంటారు. ఈ వాదన సీరత్‌కు సరిపోదు. హిజ్రత్ వేళ దైవప్రవక్త (స), హజ్రత్ అబూ బక్ర్ (రజి) తమ ఒంటెలను, ప్రయాణ మార్గాన్ని, ఒక విధంగా తమ ప్రాణాలను అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ అనే మార్గదర్శికి అప్పగించారు. అతడు అప్పటికి ఖురైషుల మతంలోనే వున్నాడని సహీహ్ బుఖారీ ఉల్లేఖనం తెలుపుతున్నది. అతనిలో చూచినవి దారి తెలిసిన నైపుణ్యం, మాట నిలుపుకొనే గుణం. మరోవైపు, మక్కాలోని అవిశ్వాసులు తమ విలువైన వస్తువులను తాము వ్యతిరేకిస్తున్న ప్రవక్త (స) వద్దనే దాచుకునేవారు. ఆయన వెళ్ళిపోతూ వాటిని తిరిగి అప్పగించే నిమిత్తం హజ్రత్ అలీ (రజి)ని అక్కడ వుంచిపోయారు. కాబట్టి నమ్మకానికి కొలబద్ద పేరు కాదు, మతం కాదు, నడవడి.

నడవడి ఎలా వున్నది?

ఆ కొలబద్ద పెట్టి చూస్తే దృశ్యం మిశ్రమంగా వున్నది. 2020 నవంబరులో నమాజు వేళలు, ఖిబ్లా చూపే ముస్లిం ప్రో అనే యాప్ నుండి వాడుకరులు వున్న చోటు వివరాలు ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు, అక్కడి నుండి అమెరికా సైన్యపు కాంట్రాక్టర్లకు చేరుతున్నాయని పత్రికలో వెల్లడి అయినది. ఆ యాప్ యాజమాన్యం ఆ సంస్థతో సంబంధం తెంచుకున్నట్లు ప్రకటించింది. ముస్లిముల పేరు పెట్టుకున్నంత మాత్రాన అమానత్‌దారు కాజాలరని ఈ ఉదంతం తెలుపుతున్నది. ఎక్స్-మోడ్ వారసత్వ సంస్థ ఇటువంటి సున్నితమైన వివరాలు అమ్మరాదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 జనవరిలో నిషేధించింది.

ఎండ్-టు-ఎండ్ రక్షణ వున్నదని చెప్పిన జూమ్ సంస్థ తాళంచెవులను నిజానికి తన వద్దనే వుంచుకున్నదని అదే కమిషన్ 2020లో ఆరోపించింది. ఆ వ్యవహారం రాజీ ఒప్పందంతో ముగిసింది. ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా వున్నది. 2025లో బ్రిటన్ ప్రభుత్వం ఐక్లౌడు తాళానికి మారుతాళంచెవి కోరిందని వార్తలు వచ్చాయి. మారుతాళంచెవి చేయటానికి బదులు ఆపిల్ సంస్థ ఆ ఫిబ్రవరిలో బ్రిటన్ వాడుకరులకు ఆ రక్షణనే ఉపసంహరించుకున్నది. కంపెనీ మాట నిలుపుకోవాలనుకున్నా, ఒక ప్రభుత్వ నిర్ణయంతో నిన్నటి రక్షణ నేడు లేకుండా పోవచ్చునన్నమాట.

గిడ్డంగి శాశ్వతమని కూడా అనుకోరాదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో అగ్నిప్రమాదం జరిగింది. ఉద్యోగుల దస్త్రాలు వుంచిన ప్రభుత్వ క్లౌడుకు మరొక చోట నకలు లేనందున 858 టెరాబైట్ల సమాచారం పోయింది. ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ తిర్మిజీలో వున్నది. ఒకే చోట నకలు వుంచటం ఒంటెను కట్టకపోవటమే.

చట్టం ఇచ్చే రక్షణ

భారతదేశంలో గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అనుమతి లేకుండా పరుల ఇంట ప్రవేశించరాదని నూర్ సూరా 27వ ఆయతు, గూఢచర్యం చేయరాదని హుజురాత్ సూరా 12వ ఆయతు ఆదేశిస్తున్నాయి. ఆ విలువలను ఎరిగిన ముస్లిములకు ఈ తీర్పు పరాయిదిగా తోచదు. తరువాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమావళి 2025 నవంబరులో వెలువడి, దశలవారీగా అమలుకు ఏర్పాటయింది. భద్రతలో లోపానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు.

అయితే రెండు సంగతులు గమనార్హం. ఆ జరిమానా సొమ్ము ప్రభుత్వ సంచిత నిధికి పోతుంది. నష్టపోయిన వ్యక్తికి చెల్లించే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. ఫిఖ్హ్‌లో పరిహారం వస్తువు సొంతదారుకు చెందుతుంది. రెండవది, కొన్ని ప్రభుత్వ సంస్థలకు ఆ చట్టం నుండి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి వున్నది. పైగా 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షను ప్రకారం దేశ భద్రత వంటి కారణాలపై సమాచారాన్ని విప్పి ఇవ్వమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. నేర పరిశోధనకు ప్రభుత్వానికి కొంత అధికారం అవసరమే. నిర్దిష్టమైన సమాచారం అందినందున హాతిబ్ (రజి) పంపిన ఉత్తరాన్ని తీసుకొనిరావటానికి ప్రవక్త (స) మనుషులను పంపారు. కాని అది ఒక వ్యక్తి వద్దనున్న ఒక ఉత్తరం కోసం జరిగిన అన్వేషణ. ఊరందరి పెట్టెలు తెరిచి చూచే అనుమతి అందులో లేదు.

అసలు చిక్కు: ఎవరి అమానత్?

ఇంతవరకు చర్చ అంతా కంపెనీని నమ్మవచ్చునా అన్న దానిపై సాగింది. కాని పూర్ణా మార్కెట్ దుకాణదారుని ఫోను తిరిగి చూస్తే, అందులోని సమాచారంలో అతని సొంతం కొంతే. బాకీ వివరం బాకీదారునిది. జకాత్ జాబితా చేయి చాచటానికి సిగ్గుపడి రాత్రివేళ మస్జిదు తలుపు తట్టినవారిది. సంబంధం కుదరక వెనుదిరిగిన అమ్మాయి వివరాలు ఆ అమ్మాయివి, ఆమె తలిదండ్రులవి. అంటే అతడు కంపెనీకి అప్పగించేవాడే కాదు, అంతకుముందే తాను స్వీకరించినవాడు. పరుల వస్తువును వారి అనుమతి లేకుండా మూడవవానికి అప్పగించరాదన్న నియమం ముందు అతనికే వర్తిస్తుంది. తోటి ముస్లిం లోపాన్ని కప్పినవాని లోపాన్ని అల్లాహ్ కప్పుతాడన్న హదీసు కూడా ఇక్కడ జ్ఞప్తికి రావాలి.

ఈ చిక్కుకు మూడవ తరగతి తాళం ఒక దారి చూపుతున్నది. తాళంచెవి తన వద్దనే వుంచుకొని తాళం వేసిన పెట్టెను మాత్రమే మరొకరి ఇంట వుంచటంలో, రహస్యం అప్పగించినట్లు కాదు; పెట్టె అప్పగించినట్లు మాత్రమే. కాబట్టి పరుల రహస్యాలను అటువంటి తాళం లేని చోట వుంచకపోవటం అమానత్‌కు తగిన జాగ్రత్త.

అయితే ఈ తాళానికి ఒక ప్రమాదం కూడా వున్నది. తాళంచెవి పోతే తెరిచేవాడు లేడు. పాస్‌వర్డు మరచిపోయినవానికి కంపెనీ కూడా సాయపడలేదు, ఎందుకంటే తాళంచెవి దాని వద్ద లేదు. సొంతదారు హఠాత్తుగా మరణిస్తే? అతడు ఇతరులకు ఇవ్వవలసిన అప్పులు ఆ పెట్టెలోనే మూసుకుపోతాయి. వారసులకు తెలియదు, అప్పు తీరదు. విశ్వాసి ఆత్మ అతని అప్పు తీరేవరకు దానికి కట్టుబడి వుంటుందని హదీసు హెచ్చరిస్తున్నది. కనుక వసీయతు వ్రాసేవాడు తన బాకీల చిట్టా ఎక్కడ వున్నదో, తాళంచెవి ఎవరి వద్ద వున్నదో కూడా వ్రాయాలి.

ఆచరణలో

ఈ చర్చ సారాంశాన్ని ఇలా చెప్పవచ్చు.

1. జకాత్ పొందినవారి జాబితా, తగాదాల పరిష్కార పత్రాలు, పెళ్ళి సంబంధాల వివరాలు వంటి పరుల రహస్యాలు తాళంచెవి సొంతదారు వద్దనే వుండే చోట మాత్రమే వుంచాలి. అంత ఏర్పాటు చేయలేనప్పుడు కాగితంపై వ్రాసి బీరువాలో వుంచటమే మేలు. పని తీరిన జాబితాను చెరిపివేయటం అంతకంటే మేలు.

2. ఇంటి స్త్రీల ఫొటోలు, వైద్య పత్రాల విషయంలో ఇంటివారి అనుమతి అడగాలి. ఫోను దానంతట అదే నకలు చేస్తున్నదేమో చూచుకోవాలి.

3. వాట్సాప్ బ్యాకప్‌కు ఎండ్-టు-ఎండ్ రక్షణను ఆరంభించుకోవాలి. దాని పాస్‌వర్డును కాగితంపై వ్రాసి, నమ్మదగిన ఒకరికి తెలిసిన చోట భద్రపరచాలి.

4. ఫైళ్ళను క్లౌడుకు పంపకముందే తాళం వేసే క్రిప్టోమేటర్ వంటి సాధనాలున్నాయి. వాటి ప్రోగ్రామును ఎవరైనా పరిశీలించటానికి వీలున్నది గనుక, కేవలం కంపెనీ మాటపై ఆధారపడవలసిన పని లేదు.

5. ముఖ్యమైన లెక్కలకు క్లౌడు కాక మరొక నకలు ఇంట్లో వుండాలి.

6. సరుకుల ధరలు, దుకాణం ప్రకటనలు, అందరికీ పంచిన ప్రసంగాలు వంటివి సాధారణ క్లౌడులో వుంచటానికి అభ్యంతరం లేదు. ప్రతిదానిని అనుమానించటం కూడా వస్వసాయే.

కంపెనీలు నమ్మదగినవా అన్న ప్రశ్నకు అవును, కాదు అన్న ఒక్కమాట జవాబు లేదు. ఎంత తక్కువ నమ్మవలసిన అవసరం వుంటే అంత మంచి ఏర్పాటు అన్నదే జవాబు. ఆ ఏర్పాటు చేసుకోవలసిన బాధ్యత కంపెనీ కంటే ముందు ఫోను చేతిలో వున్నవానిది. అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించమని నిసా సూరా 58వ ఆయతు ఆదేశిస్తున్నది. తన బాకీ సంగతి, తన పేదరికపు సంగతి ఒక దుకాణదారుని నమ్మి చెప్పుకున్నవాడు కంపెనీ ఏదో, క్లౌడు ఏదో ఎరుగడు. అతడు ఎరిగినది ఆ దుకాణదారుని ముఖం ఒక్కటే. ప్రళయ దినాన అతడు అడిగేది కూడా ఆ దుకాణదారునే.

వల్లాహు ఆలం.